పొన్నగిరిలో ఆరో స్టాంపు

పొన్నగిరిలో జరిగినదానికి తప్పంతా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. యాత్రకి బయల్దేరే మనిషి నాలుగు సంగతులు కనుక్కుని బయల్దేరాలి. నేనేమీ కనుక్కోలేదు. చీరాలలో నా స్టీలు సామాన్ల కొట్టుకి తాళం పెట్టి, మా ఆవిడని వెంటబెట్టుకుని, తిన్నగా దేవుణ్ణి చూడ్డానికి వెళ్ళిపోయాను.

వెళ్ళడానికి కారణం ఉంది. కిందటి వానాకాలంలో విషజ్వరం తగిలి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాను. ఏడో రోజున డాక్టరు మా ఆవిడ తులశమ్మని పక్కకి పిలిచి ఏదో చెప్పాడట. ఏం చెప్పాడో పొన్నగిరి వెళ్ళేదాకా ఆమె నాకు చెప్పలేదు. వరండాలోకి వెళ్ళి, గోడకున్న క్యాలెండర్లో పొన్నగిరి వేణుగోపాలస్వామి బొమ్మ కనబడితే దాని ముందే మొక్కుకుందట. "ఈ మనిషిని తన కాళ్ళమీద ఇంటికి నడిపించు. ఏకాదశి నాడు నీ గుడికి వస్తాను. నీ ముఖం చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను." నేను నడిచి ఇంటికొచ్చాను. అంచేత ఈ మొక్కులో సగం నాది. తినకుండా ఉండే సగం మాత్రం ఆమెది.

ఏకాదశి తెల్లవారుజామున బస్సు దిగాం. సత్రంలో స్నానాలు చేశాం. తులశమ్మకి అరవై మూడేళ్ళు, బీపీ ఉంది. ముందురోజు రాత్రి నుంచి గొంతులో చుక్క పడలేదు. తడి జుట్టు ముడేసుకుని, కొబ్బరికాయ సంచీ చంకన పెట్టుకుని, "పదండి, క్యూ పెరక్కముందే పోదాం" అంది.

గుడి ముందు క్యూయే లేదు. మనిషన్నవాడే లేడు. వెయ్యేళ్ళనాటి గోపురం, దాని కింద కొత్తగా పెట్టిన ఒక ఇనుప గేటు, గేటు పక్కన కుర్చీలో ఒక గార్డు. మా పుణ్యం పండిందనుకున్నాను.

"కార్డు?" అన్నాడు గార్డు.

"ఏం కార్డు బాబూ?"

"సంపూర్ణ యాత్రా కార్డు. ఏడు స్టాంపులు పడితే ఈ గేటు తెరుచుకుంటుంది. లేకపోతే తెరుచుకోదు. నేను తెరిచినా తెరుచుకోదు, అది కంప్యూటరు."

కౌంటరు ఎదురుగానే ఉంది. అక్కడున్న అమ్మాయి మా ఇద్దరి ఫొటోలు తీసి, రెండు కార్డులూ ఒక కరపత్రమూ చేతిలో పెట్టింది. కరపత్రం పొన్నగిరి పరిసర ఆకర్షణల సమగ్రాభివృద్ధి సంస్థవారిది. నాకు చదువు పదో తరగతే గానీ చదవడం వచ్చు. గట్టిగా చదివాను.

"యాత్రికులు ఏకోన్ముఖంగా దైవదర్శనం మాత్రమే చేసుకుని వెనుదిరుగుతున్నందున, పరిసర ఆకర్షణలు తీవ్ర నిరాదరణకు గురియగుచున్నట్లు అధ్యయనంలో తేలినది. సగటు యాత్రికుని నివాసకాలం మూడు గంటల పది నిమిషాలు మాత్రమేనని గుర్తించడమైనది. ఈ అసమతుల్యతను సరిదిద్దే నిమిత్తం, ఏడు ఆకర్షణలను ఆస్వాదించిన పిమ్మట మాత్రమే యాత్రికుడు దైవదర్శనమునకు అర్హత పొందును."

"అంటే దేవుడు ఆఖర్నన్నమాట" అన్నాను.

"ఆఖర్న కాదు అంకుల్, క్లైమాక్స్‌లో" అంది ఆ అమ్మాయి.

ఆ మాట నాకు నచ్చింది కూడా. పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచించి పెట్టిన పద్ధతి, అందులో ఏదో మంచి ఉండే ఉంటుందనుకున్నాను. తులశమ్మ మాత్రం గోపురం వైపు చూసి, నా వైపు చూసి, "ఎంతసేపు పడుతుందమ్మా?" అంది.

"ఫ్యామిలీలైతే హాయిగా రెండు రోజులు ఎంజాయ్ చేస్తున్నారాంటీ."

మేము ఎంజాయ్ చెయ్యకుండా మధ్యాహ్నానికే ముగించాలని నిశ్చయించుకున్నాం.

మొదటి స్టాంపు ఫొటో స్థలంలో. మనిషంత ఎత్తు ఎర్ర అక్షరాలతో ఊరి పేరు, పక్కన గుండె బొమ్మ. గుండె పక్కన నిలబడి ఫొటో దిగాలి. దిగాం. ఫొటో చూసి ఉద్యోగి పెదవి విరిచాడు.

"అమ్మగారు నవ్వలేదు. యాత్రికానుభవం సంతృప్తికరమని ఫొటోలో రుజువుండాలి సార్."

"రాత్రి నుంచి నీళ్ళు కూడా తాగలేదు నాయనా" అంది తులశమ్మ. "నవ్వెక్కణ్ణించి తెమ్మంటావు?"

నాలుగోసారికి నవ్వింది. నా మొహం చూసి నవ్వింది. ఎందుకని నేను అడగలేదు.

రెండోది జలపాతం. ఆటోలో వెళ్ళాం. నల్లటి బండ ఉంది, రెయిలింగు ఉంది, నీళ్ళు లేవు. మోటారు ఎనిమిదింటికి వేస్తారన్నారు. ఎనిమిదింబావుకి ఒకాయన వచ్చి మీట నొక్కాడు. కొండ వెనకనుంచి పైపు దగ్గి, బండమీద నుంచి నీళ్ళు దూకాయి. మేమూ ఇంకో ఆరుగురూ చప్పట్లు కొట్టాం. చప్పట్లు తప్పనిసరని బోర్డు మీదుంది. పది నిమిషాలకి మోటారు ఆపేశాక, ప్రకృతిని ఆస్వాదించినట్టు స్టాంపు వేశారు.

మూడోది మ్యూజియం. అక్కడే చిన్న పేచీ వచ్చింది. మధ్య హాల్లో గర్భగుడిని అచ్చుపోసినట్టు కట్టి, ఫైబరుతో చేసిన వేణుగోపాలస్వామిని నిలబెట్టారు. గుమ్మంలోనే తులశమ్మ కళ్ళు మూసేసుకుంది.

"స్వామి ముఖం చూసేదాకా అని మొక్కుకున్నాను. పొరపాటున ఈ ముఖం చూస్తే లెక్కలో పడిపోతుందేమో! చెయ్యి పట్టుకుని దాటించండి" అంది.

"చూడకుండా స్టాంపు ఎట్లా వేసేదమ్మా?" అన్నాడు మ్యూజియం ఉద్యోగి. "లోపలి స్వామికన్నా ఈయనే క్లియర్‌గా కనిపిస్తాడు. లైటింగుంది, ఏసీ ఉంది. ఒరిజినల్ని మించి ఉన్నాడని అందరూ రాసిపోతున్నారు."

అభిప్రాయాల పుస్తకంలో నేను కూడా రాశాను. "చాలా బాగున్నాడు. నా భార్య కళ్ళు మూసుకుని ఆనందించింది." ఆనందించింది అన్న మాట చూసుకుని స్టాంపు వేశాడు.

నాలుగోది మొసళ్ళ పార్కు. పార్కులో మొసలి ఒక్కటే. నిద్రపోతోంది. అది కదిలితేనే చూసినట్టు లెక్క. నలభై నిమిషాలు నిలబడ్డాం. చివరికి అది ఒక కన్ను తెరిచింది. కన్ను తెరవడం కదలిక కిందికి వస్తుందా రాదా అని అక్కడి ఉద్యోగులిద్దరూ వాదించుకుని, ఏకాదశి కాబట్టి వస్తుందని తేల్చారు.

అయిదోది సూర్యాస్తమయ వీక్షణ స్థలం. మేము చేరేసరికి పదకొండైంది. సూర్యుడు నెత్తిమీదున్నాడు.

"సాయంత్రం ఆరింటికి రండి" అన్నాడు అక్కడ గొడుగు కింద కూర్చున్న పెద్దమనిషి.

"బాబూ, ఈమె ఉపవాసం ఉంది. అప్పటిదాకా ఆగలేదు" అన్నాను.

ఆయన మంచివాడు. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "స్వీయ ధ్రువీకరణ పత్రం. సంతకం పెట్టండి." అందులో ఇలా ఉంది: "ఈ రోజు సూర్యుడు అస్తమించునని నేను మనఃపూర్వకముగా విశ్వసించుచున్నాను. అస్తమించని పక్షమున సంస్థవారు తీసుకొను చర్యలకు కట్టుబడి యుండగలను." ఇద్దరం సంతకాలు పెట్టాం. సూర్యుడి మీద నాకు నమ్మకమే.

ఆటో ఎక్కుతుంటే తులశమ్మ ఒక్క క్షణం తూలి, కమ్మీ పట్టుకుంది. పెదాలు ఎండిపోయాయి.

"కాసిని నీళ్ళు తాగవే. స్వామి ఏమీ అనుకోడు" అన్నాను.

"స్వామి అనుకోడు. నేననుకుంటాను" అంది. "మీకప్పుడు జొరం నూటయిదు. ఆయన బేరమాడలేదు. నేనిప్పుడు ఆడనా?"

కార్డులు తీసి లెక్క చూశాను. ఇంకా రెండే స్టాంపులు. ఒకటి రుచుల వీధి, ఒకటి పడవ షికారు. రుచుల వీధి గుడి పక్క సందులోనే ఉంది. అది సులువని దాన్నే ముందు పెట్టుకున్నాం.

రుచుల వీధి అంటే రేకుల కప్పు కింద ఒక వరస దుకాణాలు, మధ్యలో బల్లలు. చివర ఒక సూపర్‌వైజరు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో స్టాంపు. పేరు బుల్లెయ్య. మేము కార్డులిచ్చాం. బుల్లెయ్య మా చేతుల వైపు చూశాడు.

"ప్లేట్లేవి?"

"ప్లేట్లెందుకు?"

"స్థానిక రుచుల ఆస్వాదన సార్. ఏదో ఒక ప్లేటు తినాలి. నేను ప్లేటు చూడాలి. సగానికి తగ్గకుండా తినుంటేనే స్టాంపు. మొదట్లో కొని పారేసి పోతున్నారని పోయిన వారంలో ఈ రూలు పెట్టారు."

నేను ఎదురుగా ఉన్న దుకాణంలో ఉప్మా తీసుకుని గబగబా తిన్నాను. ప్లేటు చూపించాను. నా కార్డు మీద ఆరో స్టాంపు పడింది. తులశమ్మ కార్డు మీద పడలేదు.

"ఆమె ఉపవాసం నాయనా. దర్శనమయ్యేదాకా ఏమీ తినకూడదు."

"తినందే దర్శనం లేదు సార్."

"దర్శనం కాందే తినదు."

బుల్లెయ్య కాసేపు ఆలోచించాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. రూలు తిన్నగానే ఉంది, మొక్కూ తిన్నగానే ఉంది. రెండూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి, అంతే.

"ఆమె ప్లేటు నేను తింటాను. భార్యాభర్తలం, ఒకటే కదా" అన్నాను.

"పుణ్యంలో ఒకటే సార్. కార్డులు రెండున్నాయి." పాపం, అతనే ఉపాయం చెప్పాడు. "ఆఫీసుకెళ్ళి కామేశ్వర్ సార్‌ని కలవండి. మినహాయింపులన్నీ ఆయన చేతిలోనే."

తులశమ్మని బల్లమీద కూర్చోబెడదామనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఒక్కరే వెళ్తే మీరు ఆయన చెప్పినదానికల్లా తలూపి వస్తారు" అని నాతోనే వచ్చింది.

కామేశ్వర్ గారు యాత్రికానుభవ ప్రధాన సమన్వయకర్త. చల్లటి గది. గోడనిండా గీతల పటాలు. మా గోడు సగం విని, ఆయన కర్రతో ఒక పటం చూపించారు.

"ముందు ఇది చూడండి. దర్శనం క్యూ పొడవు. కిందటేడు ఈ నెలలో కిలోమీటరున్నర. ఇవాళ సున్న. ఇరవయ్యేళ్ళుగా ఎవరివల్లా కానిది, గేటు పెట్టిన పన్నెండు రోజుల్లో సాధించాం."

"లోపలికి ఎవరూ వెళ్ళట్లేదు కదండీ?"

"అదే కదండీ రద్దీ నియంత్రణ అంటే!"

పటం మీది సున్న వైపు చూశాను. చక్కగా గుండ్రంగా ఉంది.

"మా ఆవిడ ఉపవాసం సంగతి..." అన్నాను.

"ఉపవాసాన్ని సంస్థ ఎంతో గౌరవిస్తుంది. దర్శనం అయిన తర్వాత ఎన్ని రోజులైనా చేయించండి. మాకు అభ్యంతరం లేదు."

"దర్శనం అయ్యాక చేస్తే అది నా మొక్కు కాదు బాబూ" అంది తులశమ్మ.

ఆయన ఫైలు తెరిచారు. "సర్క్యులర్లో యాత్రికుడు అన్న పదానికి నిర్వచనం ఉందమ్మా. 'ఆకలియు, ఆసక్తియు, నడవగల శక్తియు కలిగిన వ్యక్తి.' ఆకలి లేనివారు ఈ నిర్వచనం పరిధిలోకి రారు."

"ఆకలి లేదని ఎవరన్నారు నాయనా?"

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డారు. "ఒక దారుంది. డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే తిండి మినహాయింపు ఇవ్వొచ్చు. అనారోగ్య కారణాల మీద." నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పేజీ తిప్పారు. "కానీ అనారోగ్యవంతులు 'నడవగల శక్తి' కిందికి రారు. కాబట్టి వారికి దర్శనార్హత ఉండదు. అయినా తిండి మినహాయింపు మాత్రం తప్పకుండా ఉంటుంది."

ఇంతలో ఆయన బల్లమీది ఫోను మోగింది. మేము లేవబోతే కూర్చోమని సైగ చేశారు. ఫోన్లో అవతలి గొంతు ఎంత గట్టిగా ఉందంటే, మాకూ వినబడుతోంది. అది గుడి ఈవో మాధవయ్యగారిది.

సంగతేమిటంటే, ప్రతి ఏకాదశికీ స్వామివారి ఉత్సవమూర్తి పల్లకీలో నాలుగు వీధులూ ఊరేగి, పన్నెండు లోపల గుళ్ళోకి తిరిగి వస్తారు. వెయ్యేళ్ళుగా అదే పద్ధతి. కొత్త గేటు పెట్టాక ఇదే మొదటి ఏకాదశి. బయటికి పోయేటప్పుడు గేటు ఎవరినీ ఏమీ అడగదు, అంచేత పొద్దున్న స్వామివారు సుఖంగానే బయటికొచ్చారు. లోపలికి రావాలంటే మాత్రం కార్డు కావాలి. బోయీలు, అర్చకులు, మేళంవాళ్ళు సిబ్బంది తలుపులోంచి పోవచ్చు. ఆ తలుపు రెండడుగులు. పల్లకీ పట్టదు. పెద్ద గేటు దగ్గర గార్డు కార్డడిగాడు. స్వామివారికి కార్డు లేదు.

"గార్డు తన డ్యూటీ తాను చేశాడండీ" అన్నారు కామేశ్వర్ గారు ఫోన్లో. "కంప్యూటరుకి దేవుడని తెలీదు... ప్రత్యేకంగానా? కుదరదండీ. వీఐపీ సంస్కృతిని రద్దు చేశామని పోయిన వారమే పేపర్లో వేయించాం. మొదటి ఏకాదశికే ఒకరికి సడలిస్తే జనంలోకి ఏం సందేశం పోతుంది?"

అవతల ఈవోగారు ఏదో అన్నారు.

"స్థానికుల మినహాయింపా? ఇవ్వొచ్చు. చిరునామా రుజువు కావాలి. కరెంటు బిల్లు ఎవరి పేరు మీదుంది?... మీ పేరు మీదా? అయితే మీరు స్థానికులు. ఆయన కారు."

మళ్ళీ ఏదో అన్నారు. ఈసారి కామేశ్వర్ గారి మొహం వెలిగింది.

"ఇది చాలా మంచి పాయింటండీ! చట్టం దృష్టిలో దేవుడు మైనరు. నిజమే, భూముల కేసుల్లో చూశాను. మైనరైతే విడిగా కార్డక్కర్లేదు. సంరక్షకుడి కార్డులో పేరు రాయించుకుంటే సరిపోతుంది. సంరక్షకుడంటే మీరే కదా? మీ కార్డు చూపించండి... ఏంటీ? మీరింతవరకు ఒక్కటీ చూడలేదా? అదేంటి సార్, ఇదే ఊళ్ళో ఉంటూ!"

కామేశ్వర్ గారు బల్లమీది కరపత్రం తిప్పి, ఏడు ఆకర్షణల జాబితా చూశారు.

"అయితే ఇప్పుడే మొదలుపెట్టండి. ఆయన్ని కూడా తీసుకెళ్ళండి, మైనరు సంరక్షకుడి వెంటే ఉండాలి. దగ్గర్లో ఏముంది? రుచుల వీధి. అక్కణ్ణుంచి మొదలెట్టండి. నేను ఫొటోగ్రాఫర్ని పంపిస్తాను. సాక్షాత్తూ స్వామివారే సంపూర్ణ యాత్ర చేస్తున్నారంటే, దీన్ని మించిన ప్రచారం ఏముంటుంది!"

ఫోను పెట్టేసి మా వైపు తిరిగి, మేమెవరో ఒక క్షణం గుర్తుతెచ్చుకున్నారు. "చూశారుగా. సాక్షాత్తూ స్వామికే రూలు తప్పలేదు. మీరు కొంచెం సహకరించాలి. ఏదైనా చిన్న ఇడ్లీ ముక్క..."

తులశమ్మ లేచి నమస్కారం పెట్టింది. "అంతదూరం ఆలోచించకు బాబూ. నేనే ఆగుతాను" అని బయటికి నడిచింది.

బయట ఎండ. రుచుల వీధికి వచ్చేసరికి ఆమె నడక తేడాగా ఉంది. బల్లమీద కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి మెడ మీద వేశాను. ఆ తడి కూడా పెదాలకి తగలకుండా తల పక్కకి తిప్పుకుంది. పొద్దుటి నుంచి నాకు రాని కోపం అప్పుడొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. స్టాంపులన్నీ వేసినవాళ్ళు మంచివాళ్ళే మరి.

"డాక్టరు ఆ రోజు ఏం చెప్పాడు?" అని అడిగాను. అప్పుడెందుకు అడిగానో తెలీదు.

"ఇంటికి కబురు చెయ్యమన్నాడు" అంది కళ్ళు మూసుకుని.

అప్పుడు సన్నాయి వినబడింది.

సందు మొదట్లో మేళం, వెనక పల్లకీ. నలుగురు బోయీలు చెమటలు కారుస్తూ వస్తున్నారు. పక్కన అర్చకులు వరదాచార్యులుగారు. ముందు ఈవో మాధవయ్యగారు, చేతిలో కొత్త కార్డు. ఆయన మొహం పరీక్ష ఫీజు కట్టి హాలు టిక్కెట్టు అందని విద్యార్థి మొహంలా ఉంది. వెనకాల కెమెరాతో ఒకడు. వీధిలో అట్లు వేస్తున్నవాళ్ళు, బజ్జీలు వేస్తున్నవాళ్ళు చేతులు తుడుచుకుని దణ్ణాలు పెట్టారు. బుల్లెయ్య కూడా లేచి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. పెట్టి, చెప్పులు తొడుక్కుని, మళ్ళీ సీట్లో కూర్చుని, కార్డు కోసం చెయ్యి చాచాడు.

"పెద్దలొకరు, పిల్లలొకరు" అని చదివాడు. "ఇద్దరూ తినాలి సార్. పిల్లలకి హాఫ్ ప్లేటు."

ఈవోగారు ఎదురు దుకాణానికి నడిచారు. రెండు మిరపకాయ బజ్జీలు నిలబడే తినేసి ప్లేటు చూపించారు. బుల్లెయ్య సంతృప్తిగా తలూపాడు.

"మరి బాబు ప్లేటు?"

వరదాచార్యులుగారు అటూ ఇటూ చూసి, "బయట వండినవి స్వామికి పెట్టం. పళ్ళేమైనా ఉన్నాయా?" అన్నారు. ఒక దుకాణంలో సంప్రదాయ ప్లేటని ఉంది. రెండు అరటిపళ్ళు, కొబ్బరిముక్క, బెల్లం. దాన్ని ఆకులోకి మార్పించి, మూడుసార్లు నీళ్ళు తిప్పి, గంట మోగిస్తూ నైవేద్యం పెట్టారు. అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. ఆకు తెచ్చి బుల్లెయ్య ముందు పెట్టారు.

బుల్లెయ్య ఆకు వైపు చూశాడు.

"తినలేదండీ."

"ఆరగించారు" అన్నారు అర్చకులు.

"మీరు చెప్తే నమ్ముతాను స్వామీ. కానీ ప్లేటు తగ్గలేదు. సగం తగ్గాలి."

"స్వామి ఆరగించడమంటే చూపుతోనయ్యా!"

"చూపుతో తిన్నదానికి స్టాంపు వెయ్యమని రాలేదు స్వామీ. మీరే చెప్పండి, రేపు అందరూ చూపుతోనే తిన్నామంటే?"

అది కూడా సబబుగానే అనిపించింది. ఈవోగారు వంగి, గొంతు తగ్గించి, "నేను తినేస్తానయ్యా" అన్నారు. "మీ ప్లేటు మీరు తిన్నారు సార్. ఒక మనిషికి ఒకటే" అన్నాడు బుల్లెయ్య. ఈవోగారు బోయీల వైపు చూశారు. వాళ్ళు తలలడ్డంగా తిప్పారు. స్వామి గుళ్ళోకి వెళ్ళేదాకా బోయీలు ఏమీ ముట్టరు. అర్చకులూ ముట్టరు. అది వెయ్యేళ్ళ కట్టుబాటు. మా ఆవిడ ఏ గడపమీద ఆగిపోయిందో, సరిగ్గా ఆ గడపమీదే వేణుగోపాలస్వామి కూడా ఆగిపోయారు. ఆరో స్టాంపు కోసం ఆమె, మొదటి స్టాంపు కోసం ఆయన.

పల్లకీ దించారు. సరిగ్గా మా బల్ల ముందు.

నేను తులశమ్మని తట్టాను. ఆమె కళ్ళు తెరిచింది. మూరెడు దూరంలో స్వామి. పసుపుపచ్చ పట్టు, పొన్నపూల దండ, పెదవికి ఆనిన వేణువు. ఎండకి నుదుటి మీది తిరుచూర్ణం కొంచెం చెమ్మగిల్లింది. ఆమె లేవబోయి లేవలేక, కూర్చున్నచోటే చేతులెత్తింది. గుళ్ళో అయితే, "కదలండి కదలండి" అని రెండో క్షణంలో నెట్టేసేవాళ్ళు. ఇక్కడ నెట్టేవాళ్ళు లేరు. స్వామికే కదిలే అనుమతి లేదు. ఆమె ఎంతసేపు చూసిందో నేను చూడలేదు. నేనూ అటే చూస్తున్నాను.

కాసేపటికి భయంగా అడిగింది. "స్వామీ, ముఖం చూసేదాకా నీళ్ళు ముట్టనని మొక్కుకున్నాను. వీధిలో చూస్తే చెల్లుతుందా?"

వరదాచార్యులుగారు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వారు. "ఎక్కడ చూడాలో మొక్కులో చెప్పావా తల్లీ?"

"లేదండీ. గుడికి వస్తానన్నాను, వచ్చాను."

"ముఖం చూస్తానన్నావు. ఇదిగో ముఖం. గేటు పెట్టిన ఈ పన్నెండు రోజుల్లో నేను కాక ఈయన్ని ఇంత సావకాశంగా చూసింది నువ్వొక్కదానివే." హారతి వెలిగించి తెచ్చారు. మేము తెచ్చిన కొబ్బరికాయ అక్కడే సిమెంటు దిమ్మ మీద కొట్టాను. తీర్థం ఆమె చేతిలో పోశారు. రాత్రి నుంచి ఎండిన గొంతులో ఆ మూడు చుక్కలూ దిగడం నాకు కనబడింది. ఆ తర్వాత ఆయన బుల్లెయ్య ముందున్న ఆకు తీసి, "ప్రసాదం తల్లీ. తిను. అంతా నీకే" అని ఆమె ఒళ్ళో పెట్టారు.

ఆమె తింది. నిదానంగా, ఒక్క ముక్క వదలకుండా తింది. బెల్లం వేలికంటితే అదీ వదల్లేదు. ఖాళీ ఆకు అర్చకులు తీసుకెళ్ళి బుల్లెయ్య ముందు పెట్టారు.

బుల్లెయ్య ఆకు తిరగేసి చూశాడు. ఈవోగారి వైపు చూశాడు, స్వామివైపు చూశాడు, రూళ్ళ కాగితం చూశాడు. ఎవరు తినాలన్నది అందులో రాసి ఉంది. ఎవరు తిన్నారని తాను చూడాలన్నది లేదు. ప్లేటు చూడాలి, అంతే. అతని మొహం విప్పారింది. స్టాంపు ఎత్తాడు. ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మా బల్లవైపు తిరిగాడు.

"అమ్మా, మీరూ తిన్నారుగా! మీ కార్డు ముందు ఇటివ్వండి, మీ ఆరోది వేసేస్తాను. పడవ షికారొక్కటి పూర్తిచేస్తే గేటు తెరుచుకుంటుంది."

తులశమ్మ కొంగుతో మూతి తుడుచుకుని లేచి నిలబడింది. ఈసారి తూలలేదు.

"నాకెందుకు నాయనా? నా పనైపోయింది, నేనింటికి పోతున్నాను" అంది. "ఇంటికి పోలేక వీధిలో నిలబడ్డది ఆయన. ఇంకా ఆరు చోట్ల తిరగాలట పాపం. ముందు ఆయనకి వెయ్యి."